కుడి పాదానికి రెండు పనులు: హైడ్రోస్టాటిక్ చిన్న ట్రాక్టర్లలో పెడళ్ల లెక్క

తెనాలి పక్కన ఏదో ఊళ్లో ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలిన పెద్దాయన టెక్సస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లాడనుకుందాం. కొడుకు అక్కడ ఐదారెకరాలు కొని, గడ్డి కోయడానికి, మట్టి ఎత్తిపోయడానికి పాతిక హార్స్‌పవర్ లోపు చిన్న ట్రాక్టర్ ఒకటి పెట్టుకున్నాడు. పెద్దాయన సీటెక్కగానే ఎడమ కాలు తనంతట తనే క్లచ్ కోసం వెళుతుంది. అక్కడ పెడల్ ఉంది కానీ అది క్లచ్ కాదు, బ్రేకు. కుడి కాలు బ్రేకుల కోసం వెళుతుంది. అక్కడా పెడల్ ఉంది. అది తొక్కితే బండి ఆగదు, కదులుతుంది. గేర్ రాడ్డు కోసం చెయ్యి చాస్తే దొరికేది హై, లో అని రాసి ఉన్న చిన్న లివరు ఒక్కటే. ఎదురుగా కంచె కనిపించి కంగారులో కుడి కాలు గట్టిగా అదిమాడంటే, మన ట్రాక్టర్ నిలబడిపోయే చోట ఈ ట్రాక్టర్ పూర్తి వేగంతో ముందుకు దూకుతుంది.

హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ ఉన్న చిన్న ట్రాక్టర్లలో పెడళ్ల అమరిక గురించి అమెరికాలో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తెగ వాదించుకుంటారు. జపాన్ కంపెనీ కుబోటా పద్ధతి మంచిదా, అమెరికా కంపెనీ జాన్ డీర్ పద్ధతి మంచిదా అన్నది అందులో పాత తగాదా. పైకి ఇది కాలికి ఏది సుఖం అనే చర్చలా కనిపిస్తుంది కానీ అసలు విషయం వేరు. ఈ బండ్లలో కాలు చేసే పనే మారిపోయింది. అందుకే పెడల్ ఎక్కడ ఉంది అన్నదానికన్నా, కాలు ఏమీ చేయనప్పుడు బండి ఏం చేస్తుంది అన్నది ముందు చూసుకోవాలి.

లోపల జరిగేది మొదట చూద్దాం. మామూలు ట్రాక్టర్‌లో ఇంజన్ తిప్పుడు క్లచ్ మీదుగా గేర్ పళ్లకు, అక్కణ్నుంచి చక్రాలకు చేరుతుంది. హైడ్రోస్టాటిక్ బండిలో ఇంజన్ ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో మోటారుకు తోస్తుంది, మోటారు చక్రాలను తిప్పుతుంది, నూనె మళ్లీ పంపుకే వస్తుంది. ఇలా మూసిన చుట్టులో నూనె తిరుగుతూనే ఉంటుంది. పని చేసేటప్పుడు అందులో ఒత్తిడి రెండు మూడు వందల బార్ దాకా పోతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. సందుల్లో కారిపోయే కాస్త నూనెను భర్తీ చేయడానికి ఛార్జ్ పంపు అని ఇంకో చిన్న పంపు పక్కనే ఉంటుంది.

పంపులో చిన్న చిన్న పిస్టన్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి. వాటి చివరలు స్వాష్‌ప్లేట్ అనే పలక మీద జారుతూ తిరుగుతాయి. పలక నిటారుగా ఉంటే పిస్టన్లు తిరుగుతాయి గానీ ముందుకూ వెనక్కీ ఆడవు, నూనె కదలదు, బండి నిలబడే ఉంటుంది. పలకను ఒక పక్కకు వంచితే పిస్టన్లు ఆడటం మొదలవుతుంది, నూనె ఒక దిక్కున పారుతుంది, బండి ముందుకు పోతుంది. వంపు పెరిగితే వేగం పెరుగుతుంది. రెండో పక్కకు వంచితే నూనె ఎదురు దిక్కున పారి బండి వెనక్కి వస్తుంది. ఆ పలకను వంచేదే కాలి కింది పెడల్.

అంటే ఇది ఎక్సలేటర్ కాదు, దాన్ని తొక్కితే ఇంజన్ వేగం పెరగదు. ఇంజన్ వేగాన్ని చేతి థ్రాటిల్‌తో ఒకచోట పెట్టి వదిలేస్తారు. గడ్డి కోసే డెక్ సరిగ్గా తిరగాలంటే ఈ చిన్న బండ్లలో 3000 పైన ఆర్‌పీఎం దగ్గర పెట్టాల్సి ఉంటుంది. ఆ తర్వాత గేరూ, దిక్కూ, వేగమూ, సగం బ్రేకూ అన్నీ కుడి పాదం కిందే. కారు తోలి వచ్చినవాళ్లు దీన్ని ఎక్సలేటర్ అనుకోవడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి.

ఉదాహరణకు బండి ముందు తగిలించే లోడర్ (మట్టి ఎత్తిపోసే చేతులు) బకెట్‌ను ఇసుక కుప్పలోకి దూర్చేటప్పుడు బండి మొరాయిస్తే కొత్తవాడు ఏం చేస్తాడు? పెడల్ ఇంకా అదుముతాడు. చక్రాలు కదలవు, ఇంజన్ గొంతు పడిపోతుంది, ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు లోపల కీచుమంటుంది. అలవాటైనవాడు అదే చోట పెడల్‌ను కాస్త వదులుతాడు. బండి గట్టిగా తోయడం మొదలుపెడుతుంది. పెడల్ పూర్తిగా తొక్కడమంటే టాప్ గేర్ వేసినట్టు, కొద్దిగా తొక్కడమంటే ఫస్ట్ గేర్ వేసినట్టు. టాప్ గేర్‌లో దుక్కికి దిగితే ఏమవుతుందో మన డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు. బలం కావాలంటే కాలు తేలిక చేయాలి అన్న ఈ తిరకాసు ఒంటికి పట్టడానికి కొన్ని గంటలు పడుతుంది. పెడల్ ఎలాంటిదైనా దీనికి మినహాయింపు లేదు. అయితే కాలు తేలిక చేయడం ఒక రకం పెడల్ మీద సులువు, ఇంకో రకం మీద కష్టం. తగాదా అక్కడే మొదలవుతుంది.

ముందుకు వెళ్లడం, వెనక్కి రావడం రెండూ కుడి పాదానికే ఎందుకు అప్పగించారు? లోడర్ పని చేసేవాడి ఒంటిని చూస్తే జవాబు దొరుకుతుంది. ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద ఉంటుంది. కుడి చెయ్యి లోడర్ లివర్ మీద, బకెట్ ఎత్తుతూ, వంచుతూ ఉంటుంది. కుప్పలోకి వెళ్లాలి, నింపుకుని వెనక్కి రావాలి, తిరిగి ట్రాలీ దగ్గరికి ముందుకు పోవాలి, కుమ్మరించి వెనక్కి రావాలి. ఒక్క బకెట్‌కు నాలుగుసార్లు దిక్కు మారాలి. యాభై బకెట్ల మట్టి అంటే రెండు వందల సార్లు. గేర్ బండిలో అయితే ప్రతిసారీ క్లచ్ తొక్కాలి, ఏదో ఒక చెయ్యి తీసి లివర్ మార్చాలి. రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి ఆ పని కాలికి దిగింది. ఎడమ కాలికి బ్రేకు మిగిలింది.

ఇక రెండు పద్ధతులు. మొదటిది ట్రెడిల్ అంటారు. మన ఇళ్లలో పాత కాలి కుట్టుమిషన్ తొక్కుడు పలక గుర్తుందా? మునివేళ్లతో ఒకసారి, మడమతో ఒకసారి అదుముతూ ఉంటాం కదా, సూత్రం అదే. పాదం ముందు భాగంతో నొక్కితే బండి ముందుకు, మడమతో నొక్కితే వెనక్కి. పాదం వదిలేస్తే స్ప్రింగ్ దాన్ని మధ్యకు తెస్తుంది, బండి ఆగుతుంది. కుబోటా చిన్న ట్రాక్టర్లలో చాలాకాలంగా ఇదే ఉంది. 2000లో వచ్చిన బీఎక్స్ శ్రేణి ఇంటి పెరటికీ పొలానికీ మధ్య ఉండే సైజు ట్రాక్టర్లకు పెద్ద మార్కెట్ తెచ్చింది. దాంతో పాటే ఈ తొక్కుడు పలక కూడా లక్షల పాదాలకు అలవాటైంది.

ట్రెడిల్‌తో లోడర్ పని చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. పాదం ఉన్నచోటు నుంచి కదలదు. చీలమండ ఇటు వంచితే ముందుకు, అటు వంచితే వెనక్కి. కాలు ఎత్తి ఇంకో పెడల్ వెతుక్కునే పని లేదు. దిక్కు మారేటప్పుడు పాదం తప్పనిసరిగా మధ్య బిందువు మీదుగానే పోవాలి కాబట్టి బండి ఒక్క క్షణం నెమ్మదించి మరీ మళ్లుతుంది. రెండు వందల సార్లు మళ్లేవాడికి ఇది పెద్ద సుఖం.

కానీ ఇందులో ఒక చిక్కుంది. మడమ కింద కూడా పెడలే ఉంది కాబట్టి మడమను నేల మీద ఆనించే వీల్లేదు. గట్టిగా ఆనిస్తే వెనక్కి పెడల్ తొక్కినట్టవుతుంది. పాదం గాలిలో తేలుతున్నట్టు ఉండాలి. చదును నేల మీద పర్వాలేదు. గుంతలు, గట్లు ఉన్నచోట చూడాలి. ముందు చక్రం గుంతలో పడగానే ఒళ్లు ముందుకు ఊగుతుంది, పాదం పెడల్‌ను అదుముతుంది, బండి వేగం పుంజుకుంటుంది. ఆ కుదుపుకు ఒళ్లు వెనక్కి వాలుతుంది, పాదం వదులవుతుంది, బండి జర్రున తగ్గుతుంది. మళ్లీ ఒళ్లు ముందుకు. మనిషీ బండీ ఒకరినొకరు ఊపుకుంటూ పోతారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, నడుముకు మాత్రం రాదు.

రెండో చిక్కు వెనక్కి పోయేటప్పుడు. వెనక బ్లేడుతో నేల చదును చేస్తూ, కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తూ రివర్స్ చేయాలి. ఒళ్లు కుడికి మెలిపడితే కుడి తుంటి సీటు నుంచి కాస్త లేస్తుంది, మోకాలు పైకి వస్తుంది, మడమ మీద బరువు తగ్గుతుంది. సరిగ్గా అదే సమయంలో మడమతో నిలకడగా నొక్కి ఉంచాలి. చిన్న పాదం ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి. ముందు పలక మీద వేళ్లు ఉంచితే మడమ వెనక పలకకు అందదు. వాళ్లు పాదాన్ని వెనక్కి లాగి, అరికాలితోనే వెనక పలకను నొక్కుతారు. అలా చేస్తే ట్రెడిల్‌కు ఉన్న ఒకే ఒక్క పెద్ద లాభం, పాదం కదపక్కర్లేకపోవడం, పోయినట్టే.

రెండో పద్ధతి జంట పెడళ్లు. జాన్ డీర్ దీనికి ట్విన్ టచ్ అని పేరు పెట్టుకుంది. 1025ఆర్ లాంటి చిన్న మోడళ్లలో కుడివైపు పక్కపక్కన రెండు పెడళ్లుంటాయి. లోపలివైపు పెద్దది ముందుకు, దాని పక్కన బయటివైపు చిన్నది వెనక్కి. సైజు తేడా అందం కోసం పెట్టింది కాదు, చూడకుండానే ఏది ఏదో పాదానికి తెలియాలని. ఇక్కడ మడమ నేల మీద గట్టిగా ఆనుతుంది. మడమ మేకులా నిలబడితే పాదం ముందు భాగం ఇటూ అటూ తిరుగుతుంది. కుదుపులకు ఒళ్లు ఊగినా మడమ ఆనుకుని ఉంటుంది కాబట్టి పెడల్ మీద ఒత్తిడి పెద్దగా మారదు. రెండు గంటలు గడ్డి కోసేవాడికి, ఎగుడుదిగుడు నేలలో తిరిగేవాడికి ఇదే నయం.

దీని లోటు దిక్కు మార్పులో ఉంది. ముందుకు పెడల్ వదలాలి, వేళ్లను బయటికి తిప్పాలి, చిన్న పెడల్ దొరికించుకోవాలి, నొక్కాలి. అలవాటైతే అర సెకను పనే. కానీ బురద పట్టిన రబ్బరు బూటు వేసుకున్నప్పుడు అరికాలికి పెడల్ అంచు తెలియదు. చలికాలం బూట్లు వెడల్పుగా ఉంటే రెండు పెడళ్ల మీదా ఒకేసారి పడతాయి. రాడ్లతో కలిపిన మెకానికల్ రకంలో ఒకటి దిగితే రెండోది లేస్తుంది కాబట్టి ప్రమాదం లేదు, బండి కదలక మొరాయిస్తుందంతే. మోకాలి నొప్పులున్నవాళ్లు మాత్రం పాదాన్ని పదే పదే బయటికి తిప్పడం గురించి గట్టిగానే సణుగుతారు. అవతల ట్రెడిల్ వాళ్లు చీలమండ గురించి సణుగుతారు. నొప్పి ఎక్కడ ఉండాలో ఎంచుకునే స్వేచ్ఛ కొనేవాడిదే.

లోడర్ పని ఎక్కువైతే ట్రెడిల్, కోత పని ఎక్కువైతే జంట పెడళ్లు అన్నది మొత్తం మీద సబబైన లెక్క. బ్రాండ్ అభిమానం పక్కన పెడితే ఇందులో వాదించడానికి మిగిలేది కొంచెమే. మడమ ఆనించే చోటు ఉండాలా, పాదం కదపక్కర్లేని సౌలభ్యం ఉండాలా? రెండూ ఒకే పెడల్‌లో ఇవ్వడం కష్టం.

అసలు రెండు కాళ్లకూ చెరొక దిక్కు ఇచ్చేస్తే పోదా అనిపించవచ్చు. అలాంటిదీ ఉంది, ట్రాక్టర్లలో కాదు, గోదాముల్లో. జర్మనీ కంపెనీ లిండె తయారుచేసే హైడ్రోస్టాటిక్ ఫోర్క్‌లిఫ్టుల్లో కుడి కాలు ముందుకు, ఎడమ కాలు వెనక్కి, మధ్యలో బ్రేకు. పాదాలు రెండూ ఉన్నచోటే ఉంటాయి, రోజంతా ముందుకూ వెనక్కీ తిరిగే ఆ పనికి అది బ్రహ్మాండంగా నప్పుతుంది. ట్రాక్టర్‌లో డ్రైవర్ కాళ్ల మధ్య గేర్‌బాక్స్ గూడు ఉబ్బెత్తుగా ఉంటుంది, ఎడమ పాదం, కుడి పాదం వేరు వేరు గదుల్లో ఉన్నట్టే. మధ్యలో బ్రేకు పెట్టే జాగా లేదు. వాలులో వెనక్కి వస్తున్నప్పుడు బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచుకోవాలి కూడా. కాబట్టి ఎడమ కాలు బ్రేకుకే కేటాయించక తప్పలేదు.

కాలితో పనే లేకుండా చేసినవాళ్లూ ఉన్నారు. నిజానికి పొలం ట్రాక్టర్‌లో హైడ్రోస్టాటిక్ కథ చేత్తోనే మొదలైంది. 1967లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 656 మోడల్‌ను హైడ్రో రూపంలో తెచ్చింది. అందులో వేగం, దిక్కు రెండూ స్టీరింగ్ దగ్గరి లివర్‌తోనే. కాలికి ఫుట్-ఎన్-ఇంచ్ అని ఒక పెడల్ ఇచ్చారు, తొక్కితే డ్రైవ్ తెగి బండి నెమ్మదిస్తుంది, క్లచ్ అలవాటున్న కాళ్లకు ఊరట. పొలం దున్నేవాడికి చేతి లివర్ సరిపోతుంది, ఒకసారి వేగం పెడితే సాలు చివరిదాకా మార్చక్కర్లేదు. ఇప్పటికీ ఒహాయోలో తయారయ్యే వెంట్రాక్ బండ్లలో ముందుకూ వెనక్కీ కుడి చేతి లివర్‌తోనే పోతాయి. చిన్న ట్రాక్టర్లకు ముందు లోడర్ తగిలించడం మామూలయ్యాకే చెయ్యి తీరిక లేనిదై, పని కాలికి దిగింది.

మన గోదావరి జిల్లాల్లో, తెలంగాణ వరి పొలాల్లో తిరిగే చైన్ కోత మిషన్లు చూసినవాళ్లకు ఈ చేతి పద్ధతి కొత్త కాదు. కుబోటా డీసీ-68జీ లాంటి వాటిలో ఉన్నది హెచ్ఎస్‌టీయే, అంటే ఈ హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషనే. లివర్ ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, మధ్యలో నిలబడుతుంది. గేర్లు మార్చే పని లేదు. వరి ఒత్తుగా ఉన్నచోట లివర్ కాస్త వెనక్కి లాగి వేగం తగ్గిస్తారు, ఇంజన్ వేగం మాత్రం తగ్గదు, నూర్పిడి డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. ఆ లివర్‌ను విరిచి కాలి కింద పెట్టారనుకుంటే కాంపాక్ట్ ట్రాక్టర్ పెడల్ అర్థమైనట్టే.

మళ్లీ తెనాలి పెద్దాయన దగ్గరికి వద్దాం. ఆయన ట్రాక్టర్‌లో ఎడమ కాలికి క్లచ్, కుడి కాలికి రెండు బ్రేకులు. వాటిని కలిపే లాక్ తీసేస్తే మలుపులో ఒక్క బ్రేకే తొక్కి బండిని గిరుక్కున తిప్పవచ్చు. బీఎక్స్, 1025ఆర్ లాంటి చిన్న బండ్లలో ఎడమ కాలికి ఒక్కటే బ్రేకు, రెండు చక్రాలకూ కలిపి. ఆ బండి ఎలాగూ చిన్న జాగాలో తిరుగుతుంది కాబట్టి విడి బ్రేకులు లేకపోయినా లోటు తెలియదు. తెలిసేది అలవాటు దగ్గరే. క్లచ్ అనుకుని ఎడమ పెడల్ నిండా తొక్కితే బండి ఠక్కున ఆగుతుంది, మనిషి స్టీరింగ్ మీదికి తూలతాడు. అంతటితో పోదు. కుడి కాలు ఇంకా పెడల్ మీదే ఉంటే లోపల నూనె తోస్తూనే ఉంటుంది, ఇంజన్ మూలుగుతుంది. హాఫ్ క్లచ్ అలవాటు ప్రకారం ఎడమ కాలు మెల్లగా వదలగానే బండి ఉరుకుతుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం కుడి కాలితోనే. భయం వేసినప్పుడు కాలు అదమడం మనిషి స్వభావం. గేర్ ట్రాక్టర్‌లో, కారులో ఆ అదుమే పాదం కింద బ్రేకు ఉంటుంది. ఇక్కడ ఆగడమనేది అదమడంలో లేదు, ఎత్తడంలో ఉంది. కుడి పాదం పెడల్ మీంచి తీసేస్తే చాలు, పలక మధ్యకు వస్తుంది, నూనె పారడం ఆగుతుంది, చక్రాలు బిగుసుకున్నట్టు నిలబడతాయి. అందుకే రోజూ ఈ బండి తోలేవాళ్లకు ఎడమ బ్రేకుతో అవసరం అంతగా పడదు. నెలల తరబడి పార్కింగ్ లాక్ వేయడానికి తప్ప దాన్ని తొక్కనివాళ్లున్నారు. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు మొదటి పది నిమిషాలు ముందుకు పోవడం కాదు, కుడి కాలు ఠక్కున ఎత్తడం నేర్పాలి. లో రేంజ్‌లో, ఇంజన్ మెల్లగా పెట్టి, ఖాళీ స్థలంలో.

వాలులో మాత్రం కాలు ఎత్తితే ఆగుతుందన్న ధీమా పూర్తిగా పనికిరాదు. హై రేంజ్‌లో, వెనక బరువైన ట్రాలీతో దిగుతుంటే బరువు చక్రాలను తోస్తుంది, చక్రాలు మోటారును, మోటారు పంపును, పంపు ఇంజన్‌ను తిప్పుతాయి. బండి కాలు చెప్పిన వేగాన్ని దాటుతుంది. దిగే ముందే లో రేంజ్‌లో పెట్టుకోవాలి, దారి మధ్యలో రేంజ్ మార్చబోతే న్యూట్రల్‌లో పడి బండి చేయి దాటిపోతుంది. ఇంకొకటి, ఫోర్ వీల్ డ్రైవ్ వేయకపోతే నూనె పట్టు వెనక చక్రాలకే. బ్రేకు కూడా వెనక చక్రాలకే. లోడర్‌లో నిండా మట్టితో వాలు దిగుతుంటే బరువంతా ముందుకు పోయి వెనక చక్రాలు తేలిపోతాయి. అప్పుడు కుడి కాలు ఎత్తినా, ఎడమ కాలు అదిమినా బిగుసుకున్న వెనక చక్రాలు నేల మీద జారిపోతాయే తప్ప బండి ఆగదు. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. పెడల్ ఎంత బాగున్నా టైరుకు నేల అందకపోతే ఏమీ చేయలేదు.

పెడల్ బాధలు తగ్గించే సరంజామా కూడా వచ్చింది. క్రూయిజ్ కంట్రోల్ పెడల్‌ను ఉన్నచోట పట్టి ఉంచుతుంది, బ్రేకు తొక్కితే వదిలేస్తుంది. కోత పనిలో ట్రెడిల్ వాళ్ల చీలమండకు ఇదే మందు. పెడల్ రాడ్లకు స్కూటర్ షాక్‌అబ్జార్బర్ లాంటి చిన్న డ్యాంపర్ పెడతారు, పాదం అదిరినా పలక వెంటనే అదరదు. పెద్ద మోడళ్లలో పెడల్‌కూ పంపుకూ మధ్య రాడ్లే లేవు. జాన్ డీర్ ఈహైడ్రో అనే రకంలో పెడల్ ఒక సెన్సర్ మాత్రమే, పలకను వంచేది ఎలక్ట్రానిక్ వ్యవస్థ. అందులో మోషన్‌మ్యాచ్ అనే నాబ్ తిప్పి కాలు ఎత్తగానే బండి ఎంత గబుక్కున ఆగాలో పెట్టుకోవచ్చు. లోడ్‌మ్యాచ్ అనేది ఇంజన్ పడిపోతుంటే తనే పలక వంపు తగ్గిస్తుంది. అంటే కుప్ప ముందు కొత్తవాడు పెడల్ అదిమినా, అనుభవజ్ఞుడు కాలు తేలిక చేసినట్టు యంత్రమే చేసేస్తుంది. కుబోటా గ్రాండ్ ఎల్ శ్రేణిలోనూ ఇలాంటి ఏర్పాట్లున్నాయి. పాదం నేర్చుకోవాల్సిన విద్య సాఫ్ట్‌వేర్‌కు పోతోందని బాధపడేవాళ్లు ఉంటారు, మొదటి రోజే కంచె గుద్దినవాడు మాత్రం బాధపడడు.

పాతబడ్డ బండిలో పెడల్ కింద చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలు తీసినా బండి మెల్లగా పాకుతుంటే స్ప్రింగ్ వదులైందో, రాడ్ల బుష్షులు అరిగాయో, న్యూట్రల్ సర్దుబాటు తప్పిందో అన్నమాట. పలక ఒక వెంట్రుకవాసి వంగి ఉన్నా నూనె పారుతూనే ఉంటుంది. ఇంటి పిల్లలు తిరిగే చోట ఇలా పాకే బండిని నడుస్తుండగా వదిలి దిగడం కుదరదు. ట్రెడిల్ వెనక పలక కింద బూటు నుంచి రాలిన మట్టి ఎండి గడ్డకడుతుంది, చిన్న రాయి దూరినా చాలు, రివర్స్ సగమే దిగుతుంది. పంపు చెడిందని మెకానిక్‌ను పిలిచే ముందు ఒక పుల్లతో గీకి చూడటం మంచిది.

ఇంత సుఖమైతే మన దగ్గర ట్రాక్టర్లకు ఎందుకు పెట్టరు అన్న ప్రశ్న రాకపోదు. నూనె ద్వారా బలం పంపితే కొంత వేడిగా పోతుంది. కుబోటా ఎల్2501నే తీసుకుంటే ఇంజన్ ఒకటే, గేర్ మోడల్‌లో పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గర 20.5 హెచ్‌పీ దొరికితే హెచ్ఎస్‌టీ మోడల్‌లో 19 దొరుకుతుంది. పొలంలో నాగలి లాగేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది. దమ్ము, రోటావేటర్, ట్రాలీకి ఇటుకలో వడ్లో వేసుకుని రోడ్డెక్కడం మన ట్రాక్టర్ బతుకు. ఇవన్నీ ఒకే దిక్కున గంటల తరబడి లాగే పనులు. అక్కడ దిక్కు మార్పు అరుదు, డీజిల్ లెక్క ముఖ్యం, గంటకు 13-14 కిలోమీటర్లకు మించని చిన్న బండితో రోడ్డు మీద పని జరగదు. హెచ్ఎస్‌టీకి శుభ్రమైన నూనె, టైముకు ఫిల్టర్ కావాలి, ధరా ఎక్కువే. ముందు లోడర్, పొట్ట కింద గడ్డికోత డెక్, పది నిమిషాలకో పని మారే అమెరికా పెరటికి అది నప్పింది. మన చేనుకు గేరే సరి.

ఈ రెండు లోకాలూ కలిసే చోటు ఒకటి తెలంగాణలోనే ఉంది. మహీంద్రా తన తేలికపాటి ఓజా ట్రాక్టర్లను జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా సంస్థతో కలిసి రూపొందించి, 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆవిష్కరించింది. తయారీ సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో. మన మార్కెట్‌కు వచ్చిన 20 నుంచి 40 హెచ్‌పీ మోడళ్లలో క్లచ్ ఉంది, ముందుకూ వెనక్కీ సమానంగా పన్నెండేసి గేర్లున్నాయి, దిక్కు మార్చడానికి చేతి దగ్గర షటిల్ లివర్ ఉంది. అమెరికా మార్కెట్ ఓజాలో హెచ్ఎస్‌టీ ఉంది. పేరు ఒకటే, కుడి పాదం చేసే పని మాత్రం దేశాన్ని బట్టి మారింది.

అక్కడ కొనబోయే తెలుగువాళ్లకు షోరూం ముందు సిమెంటు నేల మీద ఒక చుట్టు తిరగడంతో ఏదీ తేలదు. చదును నేల మీద రెండు రకాల పెడళ్లూ ఒకేలా అనిపిస్తాయి. పొలంలో వేసుకునే బూట్లే వేసుకుని వెళ్లాలి, షోరూంకు వేసుకెళ్లే చెప్పులు కాదు. డీలర్ దగ్గర కాస్త ఎత్తుపల్లాల జాగా ఉంటే అడిగి మరీ తోలాలి. వాలు మీద పైకి రివర్స్ చేస్తూ, కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తూ, అడుగు అడుగున్నరకు ఒకసారి ఆపుతూ చూడాలి. బకెట్ నేలకు ఆనించి, రెండు చేతులూ పనిలో ఉండగా పదిసార్లు ముందుకూ వెనక్కీ మళ్లించాలి. ఆ పదిసార్లలో ఒక్కసారైనా తల వంచి పెడల్ వంక చూడాల్సి వచ్చిందంటే ఆ అమరిక ఆ పాదానికి కుదరలేదన్నమాట. ఇంట్లో ఇంకెవరు తోలతారో వాళ్లనూ ఎక్కించాలి. ఆరడుగుల మనిషికి మడమ సరిగ్గా అందే ట్రెడిల్, ఐదడుగుల ఆవిడకు అందకపోవచ్చు.